ఒంటిమీది కంప్యూటర్లు - లెక్కకెక్కని ఆడవాళ్ళు

(కర్నూలు, కడప ప్రాంతాల మహిళా సంఘాల కార్యకర్తలకు కర్నూలులో జరిగిన శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నేను మాట్లాడాల్సిన విషయం బోర్డు మీద రాయగానే మీలో కొందరు నవ్వారు. ఒంటిమీద ధరించే కంప్యూటర్లను ఎంతమంది వాడుతున్నారో అంచనా వేయడం ఎలా అన్నది విషయం. వేసవిలో నీళ్ళ ట్యాంకరు ఎన్ని రోజులకొకసారి వస్తుందో ఎవరూ రాసిపెట్టని ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం. మనకెందుకీ గొడవ అనిపించడం సహజమే. కానీ మీ చేతుల్లో ఉన్న సర్వే ఫారం తిరగేసి చూడండి. పద్నాలుగో ప్రశ్న ఇలా ఉంది: "మీ ఇంట్లో స్మార్ట్ వాచీ వంటి ధరించే పరికరం ఉందా? అవును / లేదు." ఆ ఫారం మనం తయారుచేసింది కాదు, పై నుంచి వచ్చింది. రేపు మనం ఇంటింటికీ తిరిగి "అవును, లేదు" అని టిక్కులు పెట్టి పంపిస్తే, వాటిని కూడి ఒక అంకె వేస్తారు. ఆ అంకె మన ఆడవాళ్ళ గురించి మాట్లాడుతుంది, వాళ్ళ తరఫున కూడా మాట్లాడుతుంది. అందుకే ఈ ఒక్క ప్రశ్నను పట్టుకొని కాసేపు కూర్చుందాం.

ముందుగా, ఇప్పుడు చలామణిలో ఉన్న అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దాం. పత్రికల్లో "మన దేశంలో ఇన్ని కోట్లమంది స్మార్ట్ పరికరాలు ధరిస్తున్నారు" అని కనిపించే వార్తలకు చాలావరకు ఆధారం మార్కెట్ పరిశోధనా సంస్థలు ఇచ్చే లెక్కలు. వాటిలో ఐడీసీ అనే సంస్థ లెక్క ఎక్కువగా వినిపిస్తుంది. ఆ సంస్థ ప్రకారం 2023లో భారతదేశంలో 13 కోట్ల 42 లక్షల ధరించే పరికరాలు మార్కెట్లోకి వెళ్ళాయి. వినగానే కళ్ళు తిరుగుతాయి. కానీ అందులో వాచీలు 5 కోట్ల 34 లక్షలే. మిగిలినవాటిలో దాదాపు అన్నీ చెవిలో పెట్టుకొని పాటలు వినే ఇయర్‌ఫోన్లు. పిల్లలు బస్సులో చెవిలో పెట్టుకునే ఆ తెల్ల గింజలు కూడా వాళ్ళ నిర్వచనంలో "ధరించే పరికరాలే". తప్పని నేననను. లోపల చిప్ ఉంటుంది, ఒంటిమీద ఉంటుంది, వాళ్ళ నిర్వచనం వాళ్ళిష్టం. కానీ "ధరించే కంప్యూటర్" అనగానే మన మనసులో మెదిలేది ఒకటి, వాళ్ళు లెక్కపెట్టేది ఇంకొకటి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. వాళ్ళు లెక్కించేది మనుషుల్ని కాదు. కంపెనీల నుంచి పంపిణీదారులకూ దుకాణాలకూ వెళ్ళిన సరుకును లెక్కిస్తారు. కె.సి. కెనాల్ సంగతి మనందరికీ తెలుసు. సుంకేసుల దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారో చెబితే, కడప దగ్గర ఆఖరి మడికి ఎన్ని నీళ్ళు అందాయో తెలిసిపోతుందా? తెలియదు. దారిలో ఎన్ని తూములున్నాయి, ఎవరు ఎత్తారు, ఎక్కడ గండి పడింది, ఇవన్నీ నడిచి చూడాలి. సరుకు లెక్క సుంకేసుల లెక్క. దుకాణంలో మిగిలిపోయిన వాచీ, పెళ్ళికి బహుమతిగా వచ్చి డబ్బాలోంచి బయటికి రాని వాచీ, బెల్టు తెగి బీరువాలో పడివున్న వాచీ, అన్నీ అందులో ఉన్నాయి. పాతది పాడై కొత్తది కొన్నవాడు రెండుసార్లు ఉన్నాడు.

పైగా అది ఒక్క ఏడాదిలో వచ్చిన నీరు. చెరువులో ఇప్పటికే ఎంత ఉంది, ఎంత ఇంకిపోయింది అన్నది అందులో ఉండదు. 2024లో అదే సంస్థ లెక్క 11 కోట్ల 90 లక్షలకు తగ్గింది, వాచీలు 3 కోట్ల 50 లక్షలకు పడిపోయాయి. దాన్ని చూసి "జనం వాచీలు మానేశారు" అనడానికి లేదు. కొత్తగా పంపింది తగ్గింది, అంతే. ఉన్న వాచీని పెట్టుకొని తిరిగేవాళ్ళ సంఖ్య ఆ ఏడాది పెరిగినా పెరిగి ఉండొచ్చు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం, సరదాగా. ఎవరో ఒక అధికారి మనల్ని అడిగారనుకోండి, ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఎన్ని స్మార్ట్ వాచీలున్నాయని. 2023 నాటి 5 కోట్ల 34 లక్షల్ని దేశ జనాభా 142 కోట్లతో భాగిస్తే వందమందికి నాలుగుకు కాస్త తక్కువ. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి కర్నూలు జనాభా 40 లక్షల 53 వేలు, ఉమ్మడి కడప 28 లక్షల 82 వేలు. కలిపితే 69 లక్షల 35 వేలు. హెచ్చిస్తే ఆ ఒక్క ఏడాదికే 2 లక్షల 60 వేల వాచీలు! కాగితం మీద ఎంత అందంగా ఉందో చూడండి. దీన్ని రిపోర్టులో రాస్తే ఎవరూ అభ్యంతరం పెట్టరు. కానీ ఈ లెక్కలో కోసిగిలో పత్తి తీసే మనిషికీ, హైదరాబాదు మాదాపూర్‌లో పనిచేసే మనిషికీ సమానంగా వాచీలు పంచేశాం. భూమి విషయంలో ఎన్నడూ జరగని పంపకం వాచీల విషయంలో ఒక్క భాగహారంతో జరిగిపోయింది!

అయితే తక్కువ లెక్కించే ప్రమాదం కూడా ఉంది. కడప వైపు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. కడప, రాజంపేట, రాయచోటి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇళ్ళల్లో పనిచేయడానికి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరో. వాళ్ళు సెలవుకొచ్చినప్పుడు పెట్టెలో తెచ్చే సామానులో ఈ వాచీలు కూడా ఉంటాయి. తమ్ముడికొకటి, కొడుక్కొకటి. అవి కువైట్ దుకాణంలో కొన్నవి, మన దేశపు సరుకు లెక్కలోకి రావు. గమనించండి, కష్టపడి డబ్బు కూడబెట్టి కొన్నది ఆమె. పెట్టుకున్నది కొడుకు. "వాడేవారు" అన్న గడిలో కొడుకు పేరు పడుతుంది. ఆమె ఆ గడిలోనూ ఉండదు, ఈ దేశపు లెక్కలోనూ ఉండదు.

"మీ ఇంట్లో ఉందా" అన్న మాట దగ్గరికి వద్దాం. ఇంటిని ఒక ముద్దగా చూసే అలవాటు ప్రభుత్వ లెక్కలకు ఎప్పటినుంచో ఉంది. 2011 జనగణనలో ఇళ్ళ జాబితా వేసినప్పుడు రేడియో, టీవీ, కంప్యూటర్, ఫోన్, సైకిల్, స్కూటర్ ఉన్నాయా అని అడిగింది ఇంటినే. ఇంట్లో ఫోన్ ఉంది అంటే ఆడమనిషి చేతిలో ఫోన్ ఉన్నట్టేనా? 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ ప్రశ్నను ఆడవాళ్ళనే విడిగా అడిగింది. తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్నదని చెప్పిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 49 మంది. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు స్త్రీలలో నూటికి 21, మగవాళ్ళలో 49. సగంమంది ఆడవాళ్ళకు తమదంటూ ఫోనే లేని చోట, ఫోన్‌తో జతచేస్తే తప్ప పూర్తిగా పనిచెయ్యని వాచీ గురించి "మీ ఇంట్లో ఉందా" అని అడుగుతున్నాం. ఉంది అని జవాబొస్తే అది ఎవరి ఫోన్‌తో జతపడి ఉంది? ఆమె అడుగులు, ఆమె నిద్ర, ఆమె ఎక్కడుందీ ఎవరి ఫోన్‌లో కనిపిస్తున్నాయి? ఫారంలో ఆ గడి లేదు.

డౌన్‌లోడును వాడకంగా లెక్కేసే జబ్బు కూడా మనకు కొత్త కాదు. 2020 ఫిబ్రవరిలో స్త్రీల రక్షణ కోసమని దిశ యాప్ వచ్చింది. 2022 మొదట్లో కోటి డౌన్‌లోడ్లు దాటాయని ప్రకటించారు. రోడ్ల మీద ఆపి మరీ ఫోన్లలో వేయించిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మగవాళ్ళ ఫోన్లలోనూ వేయించారు. 2025లో దాని స్థానంలో శక్తి యాప్ వచ్చింది. ఆపదలో ఉన్న స్త్రీకి ఇలాంటివి పనికిరావని నేననడం లేదు, పనికొచ్చిన సందర్భాలున్నాయి. కానీ కోటి ఫోన్లలో ఉన్నది అన్న వాక్యాన్ని, కోటిమంది స్త్రీల చేతికి అందింది అన్న వాక్యంగా చదివేశాం. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే మన పని.

ఇక అసలు "ధరించే కంప్యూటర్" అంటే ఏమిటి? 1961లో ఎడ్వర్డ్ థార్ప్, క్లాడ్ షానన్ అనే ఇద్దరు అమెరికన్ గణిత శాస్త్రజ్ఞులు బూటులో మీట పెట్టి, నడుముకు చిన్న యంత్రం తగిలించుకొని జూదశాలలో చక్రం ఎక్కడ ఆగుతుందో ఊహించే పరికరం తయారుచేశారు. చాలామంది దాన్నే మొదటిదంటారు. పుట్టుకే జూదంలో. దాని సంగతి వదిలేద్దాం. రాజస్థాన్‌లోని ఉదయపూర్ ప్రాంతంలో ఖుషీ బేబీ అనే సంస్థ పసిబిడ్డల మెడలో వేసే ఒక లాకెట్టును వాడి చూసింది. లోపల చిన్న చిప్, అందులో టీకాల వివరాలు. దాన్ని నల్లతాడుకు కట్టారు, ఎందుకంటే దిష్టి తగలకుండా బిడ్డకు నల్లతాడు కట్టడం అక్కడి తల్లులకు అలవాటు, మన దగ్గర మొలతాడు ఉన్నట్టు. బెంగళూరులో తయారైన బెంపూ అనే చేతి పట్టీ ఉంది, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ ఒళ్ళు చల్లబడితే మోగుతుంది. చెప్పండి, వీటిని "వాడేవారు" ఎవరు? ధరించిన బిడ్డా, మోత విని లేచి గుండెకు హత్తుకొనే తల్లా, చిప్‌ను తన ఫోన్‌తో చదివే ఏ.ఎన్.ఎం. అమ్మా? నా అభిప్రాయంలో ముగ్గురూ. కానీ కంపెనీ లెక్కలో ఒక్కటే, అది వస్తువు.

దీనికంటే మనకు దగ్గరి ఉదాహరణ ఉంది, దాని దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పుట్టు చెవుడున్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు ఆ పథకం కింద జరిగాయి. చాలా ఖరీదైన ఆపరేషన్, పేదపిల్లలకు అందడం నిజంగా పెద్ద విషయం. ఈ పరికరంలో రెండు భాగాలు. లోపల అమర్చేది ఒకటి. చెవి వెనుక పెట్టుకొనే యంత్రం ఒకటి, దాని నుంచి సన్నటి తీగె, తల మీద అయస్కాంతంతో అంటుకొనే బిళ్ళ. బయటి యంత్రమే మాటను పట్టి, విడగొట్టి, లోపలికి పంపిస్తుంది. అది నూటికి నూరుపాళ్ళూ ధరించే కంప్యూటర్. అది లేకపోతే లోపలున్నది ఉత్త లోహం. దానికి బ్యాటరీలు కావాలి, తీగె తెగితే కొత్తది కావాలి, వారంటీ దాటాక యంత్రమే పోతే మళ్ళీ లక్షల్లో మాట. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి బిడ్డను మాట నేర్పించే శిక్షణకు తీసుకెళ్ళాలి. ఎవరు తీసుకెళ్తారు? తల్లి. ఎన్ని రోజుల కూలి పోతుంది? ఆ లెక్క ఎక్కడా లేదు.

జమ్మలమడుగు వైపు ఒక ఊళ్ళో సంఘం పని మీద వెళ్ళినప్పుడు ఒకామె బియ్యం డబ్బాలోంచి గుడ్డమూట తీసి విప్పి చూపించింది. లోపల ఆ యంత్రం. తేమ తగలకూడదని ఆసుపత్రిలో చెప్పారట, అందుకని బియ్యంలో దాచింది. "తీగె తెగిపాయ మేడమ్. కొత్తది యాడ తెచ్చేది? ఇది పెట్టుకుంటేనే వానికి ఇనపడేది" అంది. పిల్లవాడు అక్కడే ఉన్నాడు, మా పెదాలవైపు చూస్తున్నాడు. మేనరికం. మేనరికాల్లో ఇలాంటి పుట్టు చెవుడు వచ్చే అవకాశం ఎక్కువని డాక్టర్లు చెబుతారు. ఆ పెళ్ళి కుదిర్చింది పెద్దవాళ్ళు, ఆస్తి బయటికి పోకూడదని. నింద మాత్రం ఆమె కడుపు మీద పడింది. ఇప్పుడు మన ఫారంతో ఆ ఇంటికి వెళితే ఏం రాస్తాం? "ధరించే పరికరం ఉందా?" ఉంది. టిక్కు పెడతాం. ఆపరేషన్ల జాబితాలో కూడా ఆ పిల్లవాడు విజయవంతమైన కేసే. రెండు లెక్కల్లోనూ అతను వింటున్నాడు. ఆ గదిలో మాత్రం వినడం లేదు.

"ఉందా" అని అడగడానికీ, "నిన్న పెట్టుకున్నాడా" అని అడగడానికీ ఉన్న తేడా ఇదే. చిన్న మాట మారిస్తే జవాబు తలకిందులవుతుంది. ఇంత ఖర్చు పెట్టిన పథకంలో ఒక తీగెకు దారి లేదన్న సంగతి బయటపడుతుంది. అప్పుడు కలెక్టరాఫీసుకు వెళ్ళి అడగడానికి మన దగ్గర ఒక కాగితం ఉంటుంది.

ఇప్పుడు ఇంకోరకం ధరించడం గురించి చెప్పాలి. 2020 నాటికే చండీగఢ్, పంచకుల, నాగపూర్ వంటి నగరాల్లో పారిశుధ్య కార్మికులకు జీపీఎస్ ఉన్న వాచీలు తొడిగారు. వీధులూడ్చేవాళ్ళలో ఎక్కువమంది దళితులని, వారిలో పెద్దసంఖ్యలో స్త్రీలని మీకు తెలుసు. ఆ వాచీ వాళ్ళెక్కడున్నారో ఆఫీసులో తెరమీద చూపిస్తుంది. తీస్తే, గీతదాటితే జీతం కోస్తారన్న భయం. ఇంటికి తీసుకెళ్ళి చార్జింగ్ పెట్టుకోవడం కూడా వాళ్ళ పనే. కొన్నింటిలో కెమెరా, మైకు ఉన్నాయన్న అనుమానంతో మరుగుదొడ్డికి వెళ్ళడానికి కూడా ఇబ్బంది పడ్డామని ఆడవాళ్ళు చెప్పుకున్నారు. వీళ్ళు వాచీ కొనలేదు, అడగలేదు, అది ఏం చెబుతుందో వాళ్ళకు కనిపించదు. వీళ్ళను "వాడేవారు" అందామా? వాచీని వాళ్ళు వాడుతున్నారా, వాచీతో వాళ్ళను ఎవరైనా వాడుతున్నారా?

అది అక్కడెక్కడో ఉత్తరాదిలో అనుకోకండి. ఉపాధి హామీ చట్టం కింద మొదటి పని 2006 ఫిబ్రవరి 2న మన పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అప్పుడు హాజరు మస్టర్ పుస్తకంలో. 2021లో మొబైల్ యాప్‌తో హాజరు ప్రయోగంగా పెట్టారు, 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు ఫొటో. పని తొందరగా అయిపోయినా రెండో ఫొటో కోసం ఎండలో కూర్చున్న ఆడవాళ్ళు ఇక్కడే ఉన్నారు. సిగ్నల్ లేకపోతే చేసిన పనికి గుర్తు లేదు. ఆ ఫోన్ మేట్ చేతిలో ఉంటుంది, కూలి చేసినామె దాన్ని తాకను కూడా తాకదు. ఆమె లెక్కలో "ఫోన్ వాడని స్త్రీ". కానీ ఆమె కూలి ఆ ఫోన్ మీద ఆధారపడి ఉంది. చేతికి తొడిగే యంత్రం దీనికి తర్వాతి మెట్టు. ఫొటో తీసేదానికంటే తొడగడం తేలికని ఎవరికైనా తోచిన రోజున, ముందు తొడిగేది మన చేతులకే. కడప దగ్గర కొప్పర్తి పారిశ్రామికవాడలో సీసీ కెమెరాలు తయారవుతున్నాయి. ఇలాంటి యంత్రాలు తయారుచేసే చేతులూ, వాటి నిఘాలో ఉండే చేతులూ ఒకే ప్రాంతంలో ఉన్నాయి, మాట వచ్చింది కాబట్టి చెప్పాను.

ఇంతకీ ఆ వాచీ ఏం లెక్కిస్తుంది? ఎమ్మిగనూరు దగ్గర ఒక ఊళ్ళో, బెంగళూరులో పనిచేసే ఒకమ్మాయి పండక్కి వచ్చి తన వాచీ తల్లి చేతికి పెట్టింది, "మాయమ్మ రోజుకెంత నడుస్తుందో చూస్తామక్కా" అని. గాజులు ఎగదోసి పెట్టాల్సి వచ్చింది. తల్లి బోరింగు దగ్గరికి పలుమార్లు తిరిగింది, నెత్తిన బిందె, ఒక చెయ్యి బిందె మీద. ఇంకో చెయ్యి నడుముకు చేరిన చిన్న బిందె మీద. అంకె పెద్దగా కదల్లేదు. మధ్యాహ్నం కూర్చొని బుడ్డలు ఒలుస్తుంటే మాత్రం అప్పుడప్పుడూ కదిలింది. అందరూ నవ్వుకున్నారు. ఇందులో వింతేమీ లేదు. మణికట్టు వాచీ అడుగుల్ని చేతి ఊపును బట్టి పసిగడుతుంది. చేతులూపుకుంటూ నడిచేవాళ్ళ నడకే దానికి నడక. బిందె మోసే చెయ్యి ఊగదు, చంటిబిడ్డను ఎత్తుకున్న చెయ్యి ఊగదు, తోపుడుబండి నెట్టే చెయ్యి ఊగదు. తయారుచేసినవాళ్ళు ఎవర్ని మనసులో పెట్టుకున్నారో అందులోనే తెలుస్తోంది.

ఇది మనకు బాగా తెలిసిన కథే. జనగణనలో "ఏం పని చేస్తావు" అని అడిగితే ఆడవాళ్ళ పేరు పక్కన "ఇంటిపని" అని రాసి, పని చెయ్యనివాళ్ళ పట్టికలో వేసిన కథ. 1991 జనగణనప్పుడు పొలంలో జీతంలేకుండా చేసే పనిని కూడా పనిగా రాయాలని స్త్రీలు, స్త్రీల అధ్యయనకారులు పోరాడి ప్రశ్న మాటలు మార్పించారు. 1998-99లో ఆరు రాష్ట్రాల్లో రోజులో సమయం ఎలా గడుస్తుందన్న సర్వే ప్రయోగంగా జరిగింది, అందులో మన రాష్ట్రం లేదు. దేశమంతటా జరగడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు 299 నిమిషాలు ఖర్చు పెడుతున్నారని, చేసే మగవాళ్ళు 97 నిమిషాలని తేలింది. 2024లో మళ్ళీ చేస్తే 289, 88. ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గాయి, మగవాళ్ళకూ తొమ్మిది తగ్గాయి, సంతోషించండి. ఈ 289 నిమిషాలు బయటపడింది ఏ వాచీ వల్లా కాదు. ఒక మనిషి ఎదురుగా కూర్చొని, నిన్న పొద్దున లేచింది మొదలు ఏమేం చేశావమ్మా అని ఓపిగ్గా అడిగితే బయటపడింది.

ఒకమాట ఆడపిల్లల గురించి. పట్నాల్లో పిల్లల చేతికి జీపీఎస్ వాచీలు కట్టడం మొదలైంది, మన దగ్గరా కాస్త కలిగినవాళ్ళు కడుతున్నారు. భయం నిజమే, ఆ తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. కానీ కొన్ని వాచీలతో పిల్ల పక్కన ఎవరేం మాట్లాడుతున్నారో కూడా దూరం నుంచి వినొచ్చు. అలా వినగలిగే పిల్లల వాచీలను 2017లో జర్మనీ నిషేధించింది. కాలేజీకి వెళ్ళే కూతురు దారిలో ఎవరితో నిలబడింది, మంగళవారం బస్సు ఎందుకు ఆలస్యమైంది, ఇవన్నీ తెరమీద చూసే ఇంట్లో ఆ పిల్ల చదువు ఎన్నాళ్ళు సాగుతుందో మీ అనుభవం మీద ఆలోచించండి. మొగుడు బహుమతిగా ఇచ్చిన వాచీ విషయం కూడా అంతే. కౌన్సిలింగుకు వచ్చే కేసుల్లో "నేనెక్కడున్నానో ఆయనకెట్ల తెలుస్తుందో" అన్న మాట వినిపిస్తే, చేతివైపు కూడా ఒకసారి చూడండి.

అందుకని పద్నాలుగో ప్రశ్నను ఇలాగే ఉంచి తిరగడం నాకిష్టం లేదు. దాన్ని కొట్టేయడం కూడా ఇష్టం లేదు. మార్చుకుందాం. ఇంటిని కాదు, ఆడమనిషిని అడుగుదాం, ఇంట్లో ఉన్న ప్రతి ఆడమనిషినీ విడిగా. "స్మార్ట్ వాచీ" అన్నమాట వద్దు, చేతికి, చెవికి, మెడకు, ఒంటికి పెట్టుకునే మిషను ఏదైనా ఉందా అందాం. వినికిడి మిషను కూడా అందులో వస్తుంది. ఉందంటే, నిన్న పెట్టుకున్నావా. పెట్టుకోకపోతే ఎందుకని. ఎవరు కొన్నారు, ఎవరు పెట్టమన్నారు. అది చూపించే సంగతి ఎవరి ఫోన్‌లో, ఎవరి ఆఫీసులో కనిపిస్తుంది. ఆఖరుగా, నీకిష్టం లేనప్పుడు తీసి పక్కన పెట్టగలవా, పెడితే ఏమవుతుంది. ఈ చివరి ప్రశ్నకు టిక్కు గడి వద్దు, రెండు లైన్ల ఖాళీ వదిలి ఆమె అన్న మాటలే రాద్దాం. వాడేవాళ్ళెందరో, తొడిగించుకున్నవాళ్ళెందరో అప్పుడు విడివిడిగా తేలుతుంది.

అడిగేటప్పుడు జాగ్రత్త. అత్త, మొగుడు పక్కనుండగా ఈ ప్రశ్నలు అడగొద్దు. బట్టలుతికే చోటో, బోరింగు దగ్గరో, సంఘం మీటింగు అయ్యాకో అడగండి. అక్కడా ఆమె చేతికి వాచీ ఉంటే దాని ముందు మాట్లాడడం ఆమెకిష్టమేనా కనుక్కోండి. చెప్పనంటే చెప్పనన్నదని రాయండి, బలవంతం చెయ్యొద్దు, పేరు రాయొద్దు.

వచ్చిన అంకెను పెంచి చెప్పొద్దు. మనం వెళ్ళేది సంఘాలున్న ఊళ్ళకు, మనతో మాట్లాడే ఇళ్ళకు. ఆ ఊళ్ళలో తేలిన శాతాన్ని జిల్లా జనాభాతో హెచ్చిస్తే, ఇందాక నేను సరదాకి వేసిన 2 లక్షల 60 వేల లెక్కలాంటిదే ఇంకోటి తయారవుతుంది. "ఇన్ని ఊళ్ళలో, ఇంతమందిని అడిగాం, ఇంతమంది ఇలా చెప్పారు" అని రాస్తే చాలు. ఇంకోటి, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి 2011 అంకెలు ఉమ్మడి జిల్లాలవని ప్రతి పట్టిక కిందా రాయండి. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు, 2027 మార్చి 1ని ప్రాతిపదికగా ప్రకటించారు. అందాకా మనకు ఆధారం ఆ పాత అంకెలే.

మారిన ప్రశ్నలతో ఫారం మధ్యాహ్నం లోపల రాసి ఇస్తాను, మీ మండలాల మాటల్లోకి మీరే మార్చుకోండి. కోసిగి, కౌతాళం, ఆదోని వైపు వెళ్ళేవాళ్ళు మాత్రం ఆలస్యం చెయ్యకండి. డిసెంబరు దాటితే మిరప కోతలకని గుంటూరు వైపు పిల్లాజెల్లాతో వెళ్ళిపోతారు, ఇళ్ళకు తాళాలుంటాయి. ముసలివాళ్ళు మాత్రమే దొరికితే వాళ్ళనే అడిగి, మిగతావాళ్ళను "ఇంట్లో లేరు" అని రాయకుండా "వలస వెళ్ళారు" అని రాయండి.